చూడ్డానికి మాత్రమే

ఆ తల్లికి ఒక్కటే భయం, తను చూడని క్షణంలో బిడ్డ ఊపిరి ఆగిపోతుందని.

నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డు ఆస్పత్రి అద్దాల గదిలో ఉన్నాడు. తల్లినైనా లోపలికి రానివ్వరు.

వరండాలో ఒక కంప్యూటర్ ఉంది. ‘గెస్ట్’ అని కొడితే తెర మీద బిడ్డ కనిపిస్తాడు. చూడ్డానికి మాత్రమే.

తొమ్మిదో తరగతితో చదువాగిపోయిన ఆ చిన్నవయసు తల్లి, ఆ అయిదు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కళ్లు మూసుకుని కొడుతుంది.

ఆ రోజు మాసిన చొక్కా ఆయనొకడు పక్కన నిలబడ్డాడు.

"ఇందులో గెస్టుకి కూడా రూట్ దొరికిపోతోందమ్మా."

"రూటయితే బయట బస్సు డ్రైవర్లని అడగండి అన్నయ్యా."

ఆయన నవ్వాడు.

"ఆ రూట్ కాదు చెల్లెమ్మా. మిషన్‌కి యజమాని పేరు రూట్. దీని కెర్నెల్లో, అంటే గుండెకాయ లాంటి చోట, చిల్లుంది. గెస్టుగా వచ్చినవాడు అందులోంచి దూరి యజమాని కుర్చీలో కూర్చుంటాడు. లోపలి మిషన్లన్నీ వాడు చెప్పినట్టే ఆడతాయి."

"మరెలా?"

"అతుకు పడేదాకా ఈ తెర ఆపెయ్యాలి. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

"ఎన్నాళ్లు?"

"నెల పట్టొచ్చు."

నెల్లాళ్లు బిడ్డని చూడకుండానా?

ఆయన ఆఫీసు గది వైపు కదిలాడు. ఆమె వాచ్‌మన్ దగ్గరికి పరుగెత్తింది.

"బాబాయ్, ఆయన కంప్యూటర్లో ఏదో దొంగపని చేస్తున్నాడు. నా కళ్లతో చూశాను."

వాచ్‌మన్ ఆయన్ని రెక్క పట్టుకుని గేటు దాటించాడు. "నీ వాలకానికి కంప్యూటరొకటి తక్కువయ్యింది."

ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె అప్పటికే తెరకి అతుక్కుపోయింది.

పన్నెండో రోజున ఆస్పత్రి ఇంజనీరు వచ్చి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఆపేస్తారా సార్?" అంది బిక్కుబిక్కుమంటూ.

"అక్కర్లేదమ్మా. దీంట్లో చిల్లు కనిపెట్టినాయనే అతుకూ రాసి, ఓ ఉత్తరం జతచేసి పంపాడు. పరీక్ష చేసి చూశాం, బాగుంది. అయిదు నిమిషాల పని."

"నెల పడుతుందన్నాడే?"

"నెల పనే. ఒళ్లు కాలే జ్వరంతో కూర్చుని పది రోజుల్లో ముగించాడట. మెచ్చుకుందామని ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. గదికెళ్తే తాళం. ఒంటరి మనిషట, ఎక్కడికెళ్లాడో పక్క వాటావాళ్లకీ తెలీదు."

"అంత తొందరేమొచ్చింది సార్?"

ఇంజనీరు ఆ ఉత్తరం తీసి చదివాడు.

‘తెర ఒక్క పూట కూడా ఆపకండి. వరండాలో మా చెల్లెలు బిడ్డని చూసుకుంటూ ఉంటుంది.’

బిడ్డ ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు వాడు ఆమె ఒళ్లోనే ఉన్నాడు, కాళ్లు తన్నుకుంటూ. ఆమె చూపే, ఆ అన్నయ్య వస్తాడేమోనని, ఇంకా వీధి గుమ్మం మీద ఉంది.

మీ పక్క వాటాలో అలాంటి ఒంటరి మనిషి ఉంటే, ఒక్కసారి తలుపు తట్టి, జ్వరం తగ్గిందో లేదో కనుక్కోండి.