వెనక బండి బ్రేకు

మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన పాత లారీలు ఇంటికి లాక్కొచ్చి బాగుచేయడం నా పిచ్చి. ముందు బండి నాది. వెనక గొలుసుకి కట్టిన చచ్చిన లారీలో మా ఆవిడ స్టీరింగు పట్టుకుంటుంది. గొలుసు వదులు కాకుండా బ్రేకు తొక్కడం ఆమె పని. తోలడం నేనే నేర్పాను గానీ ముందు బండి ఎప్పుడూ ఇవ్వలేదు.

ఈరోజు దారి పొడుగునా తొక్కుతూనే ఉంది. ఇంజనూ మూలిగింది, నా నడుమూ మూలిగింది. ఆపి దిగాను.

"కాలు బ్రేకుకి అతుక్కుపోయిందా ఏమే? లాగలేక చస్తున్నా!"

"తొక్కకపోతే ఎవడో ఒకడు పోయేవాడయ్యా!"

"నా అంత డ్రైవరు ఈ చుట్టుపక్కల ఉన్నాడా?"

"వంతెన మలుపులో సైకిలాయన కనిపించాడా నీకు?"

"ఏ సైకిలాయన?"

ఆమె గొంతు తగ్గించింది. "పోయినసారి మేకలు. అంతకుముందు రైలు గేటు. నీకు కళ్లు ఆనడం లేదయ్యా. చెబితే చిన్నబోతావని వెనకనుంచే ఆపుకొస్తున్నా."

తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, వెనక బండి వైపు కదిలాను.

ముందు బండి ఎక్కి అడిగింది, "కాళ్లు అందడం లేదు. సీటు ముందుకి జరుపుకోనా?"

"జరుపుకో. మళ్లీ వెనక్కి నెట్టకు."