ఐదో అంతస్తు దాకా

“నాతోని గాదు సార్. వేరే దుకాణం చూస్కోండ్రి,” అన్నాడు దశరథ, చేతిలోని స్పానరు బల్లమీద పడేసి.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు వెనక గల్లీలో కార్ల సామాన్ల దుకాణం అతనిది. ఎదురుగా నిలబడ్డ రామమోహనరావు కదల్లేదు. ఇన్‌షర్టు, కళ్లజోడు, జేబులో పెన్ను. చూస్తే ఇన్సూరెన్సు ఆఫీసు గుర్తొస్తుంది. అడుగుతున్నది మాత్రం తన తెల్ల హ్యాచ్‌బ్యాక్‌కి దుకాణంలోకెల్లా పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్.

“పోరగాల్లు అడుగుతరు గిసొంటివి. మీకెందుకు సార్? బాడీ కిట్ ఏస్త. ముందు బంపర్, పక్కలకు స్కర్టులు, ఎనక స్పాయిలర్. కారు పెండ్లికొడుకు లెక్క కనిపిస్తది.”

“కనబడితే చాలదయ్యా, వినబడాలి. ఐదో అంతస్తు దాకా వినబడాలి.”

“అపార్ట్‌మెంటోల్లు కొట్లాటకొస్తరు సార్!”

“ఖాయంగా వస్తారా?”

ఆ అడగడంలో భయం లేదు, ఆశ ఉంది. దశరథ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

“రారా మరి? తలుపులు పలగ్గొడ్తరు.”

“అయితే బిగించు.”

సంగతేమిటంటే, వనస్థలిపురంలో ఫ్లాటు కొని చేరిన దగ్గర్నుంచి రామమోహనరావు కాలింగ్ బెల్ ఎవరూ నొక్కలేదు. పార్సిళ్లు గేటు దగ్గరే సెక్యూరిటీ తీసుకుంటాడు. లిఫ్టులో ఎదురైనవాళ్లు సెల్లు చూసుకుంటారు. ఆదివారం టీకి రండని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే అందరూ బొటనవేలు బొమ్మ పెట్టారు, ఒక్కరూ రాలేదు. గోడలకు చెవులుంటాయంటారు, అక్కడ మనుషులకే లేవు. ఒంటరితనం పంటినొప్పి లాంటిది, పైకి కనబడదు, నిద్ర పోనివ్వదు. మంచిమాటకు రానివాళ్లు తగాదాకైనా రాకపోతారా అని ఆయన ఆలోచన.

దశరథ గొణుక్కుంటూనే కారు కిందికి దూరాడు. కొత్తది బిగించి, విప్పిన పాత సైలెన్సర్‌ని గోనెపట్టాలో చుట్టి డిక్కీలో పెట్టాడు.

“ఇది పారెయ్యకుండ్రి సార్. గొడవైతే మల్ల ఇదే ఎక్కియ్యాలె. తీసిన కంపెనీ సామాను కస్టమర్ చేతిల పెట్టందే మేము ఊకోం. మా నాయిన కాలం నుంచి గదే పద్ధతి. మీ ఫోన్ నంబర్ చెప్పుండ్రి, బిల్లు రాస్త.”

“నంబరెందుకయ్యా, అడ్రసు రాసుకో,” అంటూ రామమోహనరావు కాలనీ పేరు, వీధి, ఫ్లాటు, చివరికి లిఫ్టు దిగాక ఎటు తిరగాలో కూడా చెప్పాడు. “నువ్వుండేది ఎక్కడ?”

“హయత్‌నగర్ సార్.”

“అయితే మా మీదుగానే వెళ్తావన్నమాట.”

ఇంతలో సీటు కవర్ల కోసం ఎవరో వస్తే దశరథ రోడ్డు మీదికి వెళ్లి వాళ్ల కారు చూసొచ్చాడు. అతను తిరిగొచ్చేసరికి రామమోహనరావు స్టీరింగు ముందు బుద్ధిగా కూర్చుని ఉన్నాడు.

కారు బయల్దేరింది. ఎల్బీనగర్ చౌరస్తాలో సిటీబస్సు కిటికీల్లోంచి జనం తొంగి చూశారు. ఆయనకు సిగ్గూ వేసింది, సంతోషమూ కలిగింది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వచ్చాక ఇంజన్ ఆపకుండా ఒకటికి రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కి పట్టాడు. పిల్లర్లు అదిరాయి. వీధిలో కుక్కలు మొరిగాయి.

గబగబా పైకెళ్లి హాల్లో కుర్చీలన్నీ వేశాడు. పళ్లెంలో పకోడీలు సర్దాడు, పొయ్యి మీద టీ పెట్టాడు. తలుపు మాత్రం గట్టిగా మూశాడు. వచ్చినవాళ్లు కొట్టాలి కదా!

ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది. గ్రూపు నిండా ఆయనే.

“ఎవరిదండీ ఆ కారు? బాబు ఉలిక్కిపడి లేచాడు.”

“ఇదేమన్నా రేసుల మైదానమా?”

చివరికి సెక్రటరీ ఉదయలక్ష్మి గారు పెట్టారు: “ఫ్లాట్ 302 వారు వెంటనే సైలెన్సర్ మార్చుకోవలెను.” దాని కింద వరసగా బొటనవేళ్లు. పక్క ఫ్లాటాయన కోపంతో ఎర్రబడ్డ మొహం బొమ్మ పెట్టాడు. ఆయన ఫోను టింగుమనడం కూడా గోడలోంచి వినిపించింది. తలుపు మాత్రం ఎవరూ కొట్టలేదు.

టీ చల్లారింది. రామమోహనరావుకు ఏడుపొచ్చింది. ఎదురుగా నిలబడి తిట్టడానికి కూడా పనికిరానా అనుకుంటూ కుర్చీలు ఒక్కొక్కటే గోడవారకు చేర్చసాగాడు.

బెల్ మోగింది.

గుమ్మంలో దశరథ. భుజం మీద గోనెపట్టాలో చుట్టిన పాత సైలెన్సర్.

“ఏంది సార్, దీన్ని ఇడిసిపెట్టొచ్చిన్రు! దుకాణం బంద్ చేస్తుంటే సీటు కవర్ల కట్టల ఎనక కనబడ్డది. ఫోన్ చేద్దమంటే నంబర్ లేదాయె. గేటు కాడ పెట్టిపొమ్మన్నడు మీ సెక్యూరిటీ. గట్ల మా పద్ధతి గాదన్న.”

“లోపలికి రా, కూర్చో. టీ వేడి చేస్తాను.”

దశరథ కూర్చున్నాడు. మొహమాటపడుతూనే పకోడీలు తిన్నాడు. చుట్టూ చూశాడు.

“కొట్లాటకు ఎవలన్న వచ్చిన్రా సార్?”

“ఎవరూ రాలేదు. ఫోన్లోనే తిట్టేశారు.”

“అయ్యో, నేను పక్కా వస్తరనుకున్న.” కాసేపు తల గోక్కున్నాడు. “అవు గని సార్, నా చేతుల్తోని డిక్కీల పెట్టిన గదా. గంత బరువుది కట్టల ఎనకకు ఎట్ల పోయింది?”

రామమోహనరావు పొగలు కక్కుతున్న కప్పు అతని చేతికిచ్చి, కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు.

“వాళ్లు రాకపోతే నువ్వైనా వస్తావని, నువ్వు అటు వెళ్లినప్పుడు నేనే తీసి అక్కడ పెట్టానయ్యా.”