సోమవారం నుంచి రమ్మన్నారు

ఈసారి యూనిఫాం కొలతలు కూడా తీసుకున్నారు. సోమవారం నుంచి వచ్చెయ్యమన్నారు. తీరా సాయంత్రమయ్యేసరికి ఫోన్‌కి ఒక్క ముక్క మెసేజ్: "ప్రస్తుతానికి ఎవరూ అవసరం లేదు."

మర్నాడు అటుగా వెళ్తూ చూస్తే, ఆ షాపు తలుపు మీద 'పనివాళ్లు కావలెను' కాగితం ఎక్కడిదక్కడే ఉంది.

కళ్లద్దాల షాపులో పనిచేసే ఆ అమ్మాయికి ఇది మూడో దెబ్బ. మూడు చోట్లా పొద్దున నవ్వుతూ మాట్లాడారు, సాయంత్రానికి ముఖం చాటేశారు. మొదటిసారి ఖర్మ అనుకుంది. రెండోసారి ఏడ్చింది. ఈసారి సిగ్గేసింది. తనలోనే ఏదో ఉంది. అది అందరికీ కనిపిస్తోంది, తనకొక్కదానికే కనిపించడం లేదు. నలుగురికీ చూపు సరిచేసే మనిషికి అంతకన్నా అవమానం ఏముంటుంది?

షాపుకొచ్చి ఓనరు ముందు తల దించుకుని నిలబడింది.

"ఇదీ రాలేదు సార్."

"పోనీలేమ్మా. వాళ్లకి ప్రాప్తం లేదు," అన్నాడాయన. టీ తెప్పించాడు.

ఇంకో ఓనరైతే, వేరే ఉద్యోగం చూసుకుంటున్నానని చెప్పిన పూటే గెంటేసేవాడు. ఈయన సెలవిచ్చి, "భయపడకుండా మాట్లాడు" అని ధైర్యం చెప్పి మరీ పంపాడు.

ఆయన బాధలు ఆయనకున్నాయి. కొత్తగా చేరిన కుర్రాడు రెండో రోజు "భోంచేసి వస్తా"నని వెళ్లాడు. ఆ భోజనం ఇంకా పూర్తి కాలేదు. తర్వాత వచ్చినవాడు, ఇక రానని చెప్పడానికి ఫోన్‌లో చెయ్యి ఊపుతున్న బొమ్మ ఒకటి పంపాడు. ఇంకో అమ్మాయి, కళ్ల మధ్య దూరం కొలవమంటే, ముక్కూ ముఖం తెలియనివాళ్ల కళ్లలోకి చూడటం తనవల్ల కాదంది.

"ఈ కాలం పిల్లలకి పనంటే ఒళ్లుమంట," అని వచ్చిన ప్రతి కస్టమరు దగ్గరా వాపోయేవాడు. "ఉన్నదల్లా ఈ అమ్మాయి ఒక్కతే. నాకా చెయ్యి వణుకుతుంది. తను లేకపోతే షట్టర్ దించుకోవడమే."

ఆ పొగడ్త వింటుంటే ఆమెకి తల కొట్టేసినట్టుండేది. తను అంత పనిమంతురాలైతే, ఇంకెవరికీ ఎందుకు అక్కర్లేదు?

ఉండేది అక్క ఇంట్లో. పడుకునేది హాల్లో సోఫా మీద. అక్కకి నెలలు నిండుతున్నాయి. పురిటికి అత్తగారు దిగితే ఆ సోఫా కూడా ఉండదు.

"ఏం మరదలా, ఈసారి ఎవరు వద్దన్నారు?" అన్నాడు బావ అన్నం కలుపుకుంటూ. "ఆ ఫోన్ పక్కన పడేసి ఒళ్లు వంచితే ఎవరైనా ఉంచుకుంటారు."

వంటింట్లో అక్క గిన్నె ఒకటి ధన్‌మని పెట్టింది. ఆ కోపం బావ మీదో, తన మీదో ఆమెకి తెలియలేదు.

నాలుగో చోటు పెద్ద షాపు. జీతం ఎక్కువ. పైగా మేడ మీద ఆడపిల్లలు ఉండటానికి గది. అక్కడి మేనేజరమ్మ ఒక వంకరపోయిన ఫ్రేమ్ చేతికిచ్చింది. ఆమె వేడిగాలి పట్టి, మెల్లగా వంచి ఇచ్చింది. మేనేజరమ్మ పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ చూసుకుంది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

ఓనరు పేరు గర్వంగా చెప్పింది.

"సోమవారం నుంచి వచ్చెయ్. సాయంత్రం ఖాయంగా చెబుతాను."

షాపుకి తిరిగొచ్చాక ఓనరు అడిగాడు. "ఏమన్నారు?"

"బాగానే మాట్లాడారు సార్. ఎప్పుడూ బాగానే మాట్లాడతారు." చేతిసంచి బల్ల మీద పెట్టింది. "నిజం చెప్పండి సార్. ఇన్నేళ్లుగా చూస్తున్నారు. నాలో ఏం లోపం ఉంది? మీరు చెబితే దిద్దుకుంటాను."

ఆయన ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. కళ్లద్దాలు తీసి తుడిచాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

"నీకేం లోపం లేదు తల్లీ," అన్నాడు. "ఎవరు కాదన్నా నేనున్నాను. ఈ షాపుంది."

ఆమెకి చచ్చేంత సిగ్గేసింది. ఇలాంటి మనిషిని వదిలి వెళ్లాలని చూస్తోంది తను! కన్నీళ్లు కనపడకుండా బల్ల కిందికి వంగి, రాలిన స్క్రూలు ఏరుకోసాగింది.

అంతలో ఓనరు ఫోన్ మోగింది.

ఆయన వెనక గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, ముందు ఆ మూడు షాపులవాళ్లకి చెప్పినట్టే మేనేజరమ్మకీ గొంతు తగ్గించి చెప్పాడు: "ఆ అమ్మాయా... నా నోటితో ఎలా చెప్పనండీ, కాస్త చేతివాటం ఉంది."