ప్రతి వైరూ ఈ చేత్తోనే

“ఇదంతా ఒక్కడినే చేశానంటే ఎవరూ నమ్మరు సార్,” అన్నాడు వడ్రంగి, తలుపులు చెక్కే మిషనును సొంత బిడ్డను నిమిరినట్టు నిమురుతూ.

గుమ్మంలో నిలబడ్డ అతని భార్య వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఈ నెలలో ఈ మాట వినడం ఇది ఆరోసారి. వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని చూడటం, ఈయన మీసం దువ్వడం. ఇనప చట్రం బిగించింది ఆయనే, కాదనదు. కానీ చట్రం దానంతటది కదలదు కదా. వీధిలో ఎవరింట్లో ఇన్వర్టరు మూలపడ్డా తట్టేది ఆమె తలుపే. అందుకే అందరికీ ఆమె ఇన్వర్టర్ వదిన. మిషను పక్కనున్న రేకు డబ్బాలో మోటార్లను నడిపే బోర్డులూ, వాటి వైర్లూ, కంప్యూటర్లో ఎక్కించిన లెక్కలూ అన్నీ వదిన పనే.

వచ్చినాయన నడివయసు మనిషి. చంకలో తోలు సంచి. “మిషను చూడాలి” అన్నాడంతే. తలుపులు చేయించుకోవడానికి వచ్చి ఉంటాడని వడ్రంగి ఆయన్ని అరగంటగా వదలడం లేదు.

“ఆ డబ్బా ఒకసారి తెరుస్తారా?”

వడ్రంగి మూత తీశాడు. లోపల వైర్లు దువ్వి అల్లిన జడలా ఉన్నాయి. ప్రతి కొసకూ ఒక చీటీ.

“ఇంత శుభ్రమైన పని ఈమధ్య ఎక్కడా చూడలేదు,” అన్నాడు వచ్చినాయన.

వదిన మొహం ఒక్క క్షణం వెలిగింది.

“ఏదో సార్, నా చేతికి అలా అలవాటైపోయింది,” అని వడ్రంగి, బల్లమీదున్న వదిన టెస్టరు తీసుకుని చెవిలో పెట్టి తిప్పాడు. బయటికి తీసి, కొసను పరీక్షగా చూసి, ప్యాంటుకు తుడిచాడు. వదిన మొహం తిప్పుకుంది.

“ఈ చిన్న స్విచ్చుల వైర్లు మాత్రం దూరంగా, విడిగా లాగారే. ఎందుకు?”

“అందం కోసం సార్.”

వదినకు నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు. మిషను అంచు దాటిపోకుండా ఆపే స్విచ్చులవి. వాటి వైర్లు చెక్కే మోటారు వైరు పక్కనే ఉన్నన్నాళ్ళూ, ఎవరూ ముట్టకపోయినా స్విచ్చు నొక్కారని భ్రమపడి మిషను నడిమధ్యలో ఆగిపోయేది. ఆ దయ్యమేమిటో పట్టుకోవడానికి వదినకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఈయన పక్క గదిలో కాళ్ళు చాపుకుని, “ఆడవాళ్ళ చేతిలో పెడితే ఇంతే” అని గోడకు వినిపించాడు.

“మొదట్లో కొలతలు తప్పి ఉంటాయే?”

“అబ్బే. మొదటిరోజే వెంట్రుకవాసి తేడా లేదు.”

మొదటిరోజు పది సెంటీమీటర్లు వెళ్ళమంటే ఎనిమిది వెళ్ళి నిలబడింది. ముందుకు రమ్మంటే వెనక్కి నడిచింది.

“ఏవండీ,” అంది వదిన, ఇక ఉండబట్టలేక. “ఆ వైర్ల సంగతి నేను చెప్పనా?”

“నువ్వెళ్ళి టీ పెట్టు.” వడ్రంగి వచ్చినాయన వైపు తిరిగి నవ్వాడు. “మా ఆవిడకు స్క్రూడ్రైవరు ఏ కొసన పట్టుకోవాలో తెలియదు సార్. సరదా మాత్రం ఎక్కువ.”

వదిన కదల్లేదు. పదహారేళ్ళుగా చూస్తున్న ఆ మొహం, ఎండాకాలంలో మూతపెట్టి మరిచిపోయిన కూరలా కనిపించింది.

వచ్చినాయన వంగి, డబ్బా కిందనుంచి గోడవైపు పోతున్న లావాటి నల్ల వైరును వేలితో చూపాడు. “కరెంటు కూడా మీరే ఇచ్చుకున్నారా? ఎవరి సాయమూ లేకుండా?”

“సాయం ఎందుకు సార్? వీధి స్తంభం నుంచి మోటారు దాకా ప్రతి వైరూ ఈ చేత్తోనే లాగాను.”

“ఆ సంగతే తేల్చుకుందామని వచ్చాను.” ఆయన సంచిలోంచి గుర్తింపు కార్డు తీసి చూపాడు. కరెంటు ఆఫీసు వాళ్ళది. తర్వాత ఒక కాగితం, ఒక కలం తీశాడు. “మీటరు దాటించి కరెంటు వాడుతున్నారని కబురొచ్చింది. ఈ వైరు మీటరు మొహం కూడా చూడలేదు. కేసు రాయాలి. లాగింది మీరేనన్నారు కాబట్టి ఇక్కడ సంతకం పెట్టండి.”

వదిన చూపు ఆ నల్ల వైరు వెంట పోయింది. బీరువా వెనక్కి, కిటికీ సందులోంచి బయటికి. మూడు నెలల కిందట తను చెల్లెలింట్లో రెండు రోజులుండి వచ్చేసరికి ఆ వైరు అక్కడ సిద్ధంగా ఉంది. కొత్త లైను తీసుకున్నానని ఆయన చెబితే, నమ్మి డబ్బాకు కలిపింది.

వడ్రంగి కాగితాన్ని చూశాడు. కలాన్ని చూశాడు. నుదుటి చెమట తుడుచుకుని, భార్య భుజం పట్టి మెల్లగా ముందుకు తోశాడు.

“నేను ఉట్టి వడ్రంగిని సార్, కరెంటంటే నాకేం తెలుసు?” అన్నాడు. “నిజం చెబుతున్నా, ఈ వైరింగంతా మా ఆవిడే చేసింది.”