ఏడో ముఖం

చానల్లో అందరూ ఆమెను మసకమ్మ అంటారు. ఎవరు పెట్టారో గానీ, పేరు అతికినట్టు సరిపోయింది.

వార్తల్లోకి వచ్చే శవాల ముఖాలకు, పిల్లల ముఖాలకు, పోలీసులు గుర్తుపడితే ప్రాణం మీదికి వచ్చే వాళ్ళ ముఖాలకు మసక వేయడం ఆమె పని. మౌస్‌తో ముఖం చుట్టూ సున్నా చుడుతుంది. మనిషి కదిలితే సున్నాను కూడా కదుపుతుంది. ఏడేళ్ళలో ఒక్క ముఖం తప్పిపోలేదు. అందుకే ఆమె పంపినదాన్ని ఎడిటర్ మళ్ళీ చూడడు.

ఇంటి సంగతులు ఎవరూ అడగరు. ఆమె చెప్పదు.

పొరుగు దేశంలో ఇరవై రోజులుగా జనం వీధుల్లో ఉన్నారు. మొదట నినాదాలు. తర్వాత రాళ్ళు. తర్వాత తుపాకులు. మంత్రుల ఇళ్ళు తగలబడ్డాయి. పారిపోతున్న వాళ్ళను పోలీసులు వెనక నుంచి కాల్చారు. ఆరు రోజుల క్రితం అక్కడి ప్రభుత్వం ఫోన్లు, ఇంటర్నెట్ ఆపేసింది. అప్పటి నుంచి సరిహద్దు దాటి వచ్చేవాళ్ళు చెప్పుల్లోనో చొక్కా మడతల్లోనో దాచి తెచ్చే మెమొరీ కార్డులే వార్తలు.

ఆ ఉదయం పదకొండింటికి కాఫీ మెషీన్ దగ్గర రోజూ జరిగే యుద్ధం మళ్ళీ మొదలైంది.

“మన సైన్యం వెళ్ళాల్సిందే. ఇంకా ఎంతమంది పోతే కదుల్తాం?” అంది న్యూస్ రీడర్.

“వెళ్ళడం తేలికేనమ్మా, రావడమే కష్టం,” అన్నాడు సౌండ్ ఇంజనీరు. “వాళ్ళింట్లో వాళ్ళు కొట్టుకుంటుంటే మధ్యలో దూరామనుకో, ఇద్దరూ కలిసి మనల్నే ఉతికేస్తారు.”

“అలాగని చూస్తూ కూర్చుంటామా?”

“చూస్తూ కూర్చోవడమేగా మన ఉద్యోగం!”

అందరూ నవ్వారు. న్యూస్ రీడర్ కూడా నవ్వాపుకోలేకపోయింది.

“నవ్వులాట కాదు. అక్కడ ఇప్పటికీ డిష్షుల్లో మన చానల్ వస్తోందట. ఒంటిగంట వార్తలైతే ఆసుపత్రుల్లో కూడా పెట్టుకుని చూస్తున్నారట. నేననే ప్రతి మాటా వాళ్ళు వింటున్నారు, తెలుసా?”

“అయితే ఊళ్ళ పేర్లు కాస్త సరిగ్గా పలుకు తల్లీ. నిన్న నువ్వు పలికిన తీరుకి నాకే ఏడుపొచ్చింది.” అతను ఇటు తిరిగాడు. “మసకమ్మా, నువ్వు చెప్పు. వెళ్ళాలా, వద్దా?”

“నాకేం తెలుసండీ,” అంది ఆమె. కప్పు కడిగి బోర్లించి తన గదికి వెళ్ళిపోయింది.

కాసేపటికి కొత్త కార్డు వచ్చింది. అందులో నాలుగు నిమిషాల దృశ్యం. ఆసుపత్రి వరండా. గచ్చు మీద వరుసగా పదకొండు మంది. తీసిన మనిషి వాళ్ళ పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళాడు. బొమ్మ ఊగుతోంది. దుప్పట్లు పొట్టివి. కాళ్ళు కప్పితే ముఖాలు బయటపడ్డాయి.

ఆమె తలుపు వేసుకుని కూర్చుంది. సున్నాలు చుట్టుకుంటూ పోయింది.

మామూలుగా అయితే అరగంట పని. ఆ రోజు గంట దాటింది. మధ్యలో ఒకసారి లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. కుర్చీ ముందుకు లాక్కుని మళ్ళీ మొదటి నుంచి చూసింది.

ఎడిటర్ తలుపు తీసి తల లోపలికి పెట్టాడు. “అయిందా?”

“అయిందండీ.”

“పంపించెయ్.”

పంపించేసింది.

ఒంటిగంటా మూడు నిమిషాలకు ఆ వరండా తెర మీదికి వచ్చింది. ఆరు ముఖాలు మసకమసకగా జరిగిపోయాయి. ఏడోది మసక లేకుండా వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఏదో అడగబోయి ఊరుకున్నట్టు నోరు కొంచెం విచ్చుకుని ఉంది. ఎనిమిదోది మళ్ళీ మసక.

కంట్రోల్ రూములో ఎవరో కెవ్వుమన్నారు.

“ఆరు సెకన్లు!” ఎడిటర్ గొంతు బయట హాలు దాకా వినిపించింది. “ఎన్ని దేశాల్లో చూసుంటారో తెలుసా? నిద్రపోయావా?”

“లేదండీ.”

“మరి?”

“జారిపోయిందండీ.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు. “ఆ అబ్బాయికీ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదమ్మా. కన్నతల్లి టీవీలో అలా చూస్తే ఏమైపోతుంది? ఆ మాత్రం ఆలోచించొద్దూ?”

“నిజమేనండీ,” అంది.

వారం రోజులు రావద్దన్నాడు. ఆమె మెడలో గుర్తింపు కార్డు తీసి, తాడు చుట్టి, ఆయన ముందు పెట్టింది.

బయట హాల్లో టీవీ మోగుతోంది. చర్చ మొదలైంది. “ఆ కుర్రాడి ముఖం చూశాక కూడా ఆగుదామంటారా?” అని బల్ల గుద్దాడు ఒక మాజీ సైనికాధికారి. “ఒక్క ముఖం చూసి యుద్ధానికి బయల్దేరమంటారా?” అన్నాడు అవతలి ప్రొఫెసరు. తెర కింద ప్రేక్షకుల ఓట్లు పరిగెడుతున్నాయి. ‘వెళ్ళాలి’ అన్న గీత పొద్దుటికంటే పొడుగైంది.

సౌండ్ ఇంజనీరు లిఫ్టు దాకా వచ్చాడు.

“పోనీలే మసకమ్మా. ఏడేళ్ళకి ఒక్కటి. మనిషన్నాక జరుగుతుంది.”

“ఆఁ.”

“ఇంటికెళ్ళి పడుకో.”

“ఆఁ.”

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

ఫోన్లు ఆగిపోవడానికి ముందు రోజు, ‘తమ్ముడు ఇంటికి రాలేదే, ఒక్కో ఆసుపత్రీ వెతుక్కుంటూ తిరుగుతున్నా’ అని చెప్పిన అమ్మకు, ఇక వెతకొద్దని చెప్పడానికి ఆమెకు దొరికినవి ఆ ఆరు సెకన్లే.