నువ్వుచేలో గాలివాన

"కొమురా, కదలకు!"

అంబదాస్ కేక గాలిలో కొట్టుకుపోయింది. సూరత్ దగ్గరి జోల్వా ఊరి బయట, నువ్వుచేను గట్టు మీద అతని భార్య కొమురవ్వ బిగుసుకుపోయి నిలబడి ఉంది. గాలికి బోర్లాపడిన తేనెపెట్టె ఆమె కాళ్ల దగ్గరే ఉంది. అందులో ఉండాల్సిన ఈగలన్నీ ఆమె కుడిచేతిని మోచేతి దాకా నల్లగా కప్పేశాయి. కొన్ని మెడ మీదికి, పెదవుల మీదికి పాకుతున్నాయి.

ఈ అకాల వానలకు నువ్వుపూత అంతా రాలిపోయింది. మేత దొరక్క మిగతా పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. ప్రాణంతో మిగిలింది ఇదొక్కటే. దాన్ని కట్టేద్దామని అతను తాడు కోసం రేకుల కొట్టంలోకి వెళ్లాడు, అంతే.

"కుట్టినయా? జర మాట్లాడవే!"

ఆమె పెదవులు బిగబట్టింది. కళ్లతో మాత్రం ఏదో చెప్పబోయింది. చెంప ఉబ్బింది. ఒక కన్ను మూసుకుపోతోంది.

మగ్గాల షెడ్డులో షిఫ్టు దిగి ఇంటికి పోతున్న పక్కింటి సోమలింగం సైకిలు దిగి దూరంగానే ఆగిపోయాడు.

"అన్నా, వదినెకు మాట పడిపోయిందే! మా షెడ్డుల ఒకనికి గిట్లనే కుట్టినయి. సూరత్ దవాఖానకు తీస్కపొయ్యేలోపే..."

"నోర్ముయ్‌రా!"

పొగపెడితే ఈగలు తగ్గుతాయి. అంబదాస్ అగ్గిపెట్టె తీశాడు. చినుకులకు తడిసి పుల్ల అంటుకోలేదు. ఇంకోటి గీశాడు, తడి వేళ్లలోంచి అగ్గిపెట్టే జారిపోయింది. నెత్తి మీద ఉరిమింది. ఈగలు ఒక్కసారిగా గుయ్యిమన్నాయి. కొమురవ్వ కుడి గుప్పిట ఇంకా బిగించింది.

ఇక నీళ్లే దిక్కు. నీళ్లు కుమ్మరిస్తే ఈగలు చస్తాయి, ఈ ఏటికి తేనె ఉండదు, మళ్లీ మగ్గం ముందు నిలబడాలి. అతనికి తెలుసు. అయినా కొట్టం దగ్గరి బకెట్ అందుకుని పరుగెత్తుకొచ్చాడు.

"పోతే పోనీ. నువ్వు బతికితే సాలు. కండ్లు మూస్కో!"

బకెట్ పైకెత్తాడు.

కొమురవ్వ పెదవుల మీది ఈగల్ని ఉఫ్‌మని ఊది, తెగించి నోరు తెరిచింది.

"నీళ్లు పోసినవంటే నిన్ను సంపుత! జల్ది పెట్టె నిలవెట్టు, ఈగలన్నీ మళ్ల లోపలికే పోతయి... రాణీగ నా గుప్పిట్ల ఉన్నది."