నలభైకి నలభై

"మిషన్ వచ్చినంక మీ ఇద్దర్ల ఒక్కడే ఉంటడు. మేడం అడిగినదానికి జవాబు చెప్పుండ్రి. ఎవరుండాల్నో నేను చూసి చెప్త," అన్నాడు జిన్నింగ్ మిల్లు యజమాని వంశీధర్‌రావు. ఆ ముక్క అనేసి కారెక్కి వెళ్లిపోయాడు.

ముత్తయ్య, లచ్చయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆదిలాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే పత్తిని చేత్తో పట్టి చూసి, ఇది మొదటి రకం, ఇది రెండోది అని తేల్చడమే ఇరవయ్యారేళ్లుగా ఇద్దరి పని. ఇంకో పని రాదు. యాభై దాటిన మనిషిని ఏ మిల్లూ గేటు లోపలికి రానివ్వదు. ముత్తయ్యకు భయం పట్టుకుంది.

యార్డులో రోబో చెయ్యి బిగించి ఉంది. దానికి పత్తి పట్టుకోవడం వచ్చు, చూడటం వచ్చు. ఏది మంచిదో చెప్పడం మాత్రం రాదు. 'ఇలా ఉంటే అలా చెయ్' అని ఒక్కో నియమం రాసిపెడితే అదే పట్టుకుని నడుస్తుంది. ఆ నియమాలు రాసుకోవడానికే ఇంజనీరు మధులిక ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది.

"పత్తిలో తేమ ఉందని ఎట్లా తెలుస్తుంది?" ముందు లచ్చయ్యను అడిగింది.

లచ్చయ్య బుర్ర గోక్కున్నాడు. "చెయ్యి వెడ్తె ఎరుకైతది మేడం."

"చేతికి ఏం తెలుస్తుంది?"

"ఏమో. ఎరుకైతది, గంతే."

ఇన్నేళ్లూ పక్కపక్కన కూర్చుని సద్ది తిన్న సోపతిగాడు. జాలిపడాల్సింది. ముత్తయ్య లోలోపల సంబరపడ్డాడు. "వాన్నేమడుగుతరు మేడం, వాడు మొద్దు. నన్నడుగుండ్రి," అంటూ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"గింజ పంటి కింద వెట్టుండ్రి. టక్కుమన్నదా, ఎండిన పత్తి. మెత్తగ నలిగిందా, నీళ్లు చల్లి తెచ్చినట్టు."

"మిషన్‌కు పళ్లుండవు కదా?"

"చిన్న పటకారు వెట్టుండ్రి. గా సప్పుడు ఇనవడ్తె సాలు."

మధులిక మొహం వెలిగిపోయింది. గబగబా రాసుకుంది.

ఇక ముత్తయ్య నోటికి అడ్డూ ఆపూ లేదు. పింజను రెండు బొటనవేళ్ల మధ్య ఎట్లా లాగాలో చెప్పాడు. పత్తి నింపే గోనె బోరెం అడుగున పాత పత్తి ఎక్కడ దాస్తారో చెప్పాడు. నిద్రలో ఏదైనా గుర్తొస్తే తెల్లారగానే చాయ్ కూడా తాగకుండా పరుగెత్తుకొచ్చి చెప్పాడు. పదకొండు రోజుల్లో నూట అరవై నియమాలయ్యాయి.

"నాకు చెప్పొస్తలేదే అన్నా," అని ఒకరోజు లచ్చయ్య బతిమాలాడు. "నా పేరు మీద జర రెండు చెప్పరాదు."

"నీది నువ్వే చెప్పుకో," అన్నాడు ముత్తయ్య, అటు తిరక్కుండానే.

పన్నెండోనాడు పరీక్ష. చూడటానికి వంశీధర్‌రావు కూడా వచ్చాడు. నలభై కుప్పలు పోశారు. ముందు ముత్తయ్య చూసి రకం చెప్పాడు. తర్వాత రోబో చెయ్యి చూసింది. గింజ నొక్కింది, పింజ లాగింది, చెప్పింది. మధులిక రెండూ పోల్చి చూసి చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"నలభైకి నలభై సార్! ముత్తయ్య ఏది చెప్పాడో మిషన్ అదే చెప్పింది!"

ముత్తయ్యకు కడుపు నిండిపోయింది. సొంత కొడుకు పరీక్ష పాసైనట్టు ఆ ఇనుప చేతిని నిమిరాడు. అవతల లచ్చయ్య సద్దిగిన్నె సంచిలో పెట్టుకుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏడికి లచ్చయ్యా? కూసో," అన్నాడు వంశీధర్‌రావు. తర్వాత ముత్తయ్య భుజం తట్టాడు. "శబాష్. నీకు ఎరుకైనదంత గీ చేతిలకొచ్చింది. లచ్చయ్యకు ఎరుకైనదాంట్ల ఒక్కటి గూడ ఇంక రాలే. వాడుంటడు. నువ్వు రేపటి సంది రావద్దు."

వంశీధర్‌రావు కారు వైపు నడిచాడు. ముత్తయ్య కారు దాకా వెంటపడ్డాడు. "సారూ, ఆగుండ్రి! ఇంకొకటున్నది! అసలుది! ఇప్పటిదాంక ఎవ్వలికి చెప్పలే!"

వంశీధర్‌రావు ఆగాడు. ల్యాప్‌టాప్ మళ్లీ తెరవమని మధులికకు సైగ చేశాడు.

"మంచిది. అది గూడ చెప్పి పో."